ఎస్టీమ్ ఇంజిన్ వెనక పెట్టాను, అతికించిన డ్రైవ్ షాఫ్ట్ తెగిపోయింది: కొత్తది చేయించాలా, ఇంకో దారి ఉందా?

హన్మకొండ_షెడ్డు:

అందరికీ నమస్తే. మాది హన్మకొండ. పగలు బోరు మోటార్ల వైండింగ్ షాపు చూసుకుంటాను, రాత్రి తొమ్మిది తర్వాత ఇంటి వెనక రేకుల షెడ్డులో కూర్చుంటాను. అక్కడ నాలుగేళ్లుగా రెండు సీట్ల చిన్న స్పోర్ట్స్ కారు కడుతున్నాను. ఛాసిస్ మొత్తం 25 మి.మీ. చదరపు ట్యూబు, నేనే కోసి నేనే వెల్డింగ్ చేసుకున్నది. ఇంజిన్ సీట్ల వెనక ఉంటుంది. మొదట మారుతి 800 ఇంజిన్, గేర్‌బాక్స్, ముందు చక్రాల నకిల్స్ (చక్రం హబ్‌ను పట్టుకునే భాగాలు), స్ట్రట్‌లు (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసిన కాళ్లు) అన్నీ ఒకే బండి నుంచి తీసి ఉన్నవి ఉన్నట్టు వెనక్కి మార్చాను. 796 సీసీ, మూడు సిలిండర్లు. పరిగెత్తింది, ఏ ఇబ్బందీ పెట్టలేదు. కానీ సెకండ్ గేరులో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినా ఒంట్లో ఏమీ కదలదు, అదే బాధ.

పోయిన దసరా తర్వాత యాక్సిడెంట్ అయిన ఎస్టీమ్ ఒకటి స్క్రాప్‌కు పోతుంటే పట్టుకున్నాను. 1.3 లీటర్ ఎంపీఎఫ్ఐ, 16 వాల్వ్‌ల జీ13బీబీ ఇంజిన్. గేర్‌బాక్స్, ఈసీఎం (ఇంజిన్ కంప్యూటర్), వైరింగ్ మొత్తం, రెండు డ్రైవ్ షాఫ్టులు (గేర్‌బాక్స్ నుంచి చక్రాలను తిప్పే రాడ్లు), నకిల్స్ అన్నీ వచ్చాయి. ఇంజిన్ మంచిదే, కంప్రెషన్ నాలుగు సిలిండర్లలోనూ ఒకేలా ఉంది. ఇంజిన్‌ను ఛాసిస్‌కు బిగించే మౌంట్లు నేనే 5 మి.మీ. ప్లేటుతో చేసి కూర్చోబెట్టాను.

చిక్కంతా షాఫ్టుల దగ్గర వచ్చింది. నా దగ్గర వెనక చక్రాలు 800 నకిల్స్ మీద ఉన్నాయి. ఎస్టీమ్ షాఫ్ట్ లోపలి చివర గేర్‌బాక్స్‌లోకి చక్కగా వెళ్తుంది, బయటి చివర స్ప్లైన్ (పళ్ల గాడులు) మాత్రం 800 హబ్‌కు కుదరదు. ఎస్టీమ్ నకిల్స్ కూడా పెట్టి చూశాను. అప్పుడు షాఫ్ట్ పొడుగైపోతుంది, ఒక్కో పక్క చక్రం దాదాపు 70 మి.మీ. బయటికి రావాలి, నా ఆర్మ్‌లు (చక్రాన్ని ఛాసిస్‌కు కలిపే కడ్డీలు) అంత లేవు. అందుకని ఒక లేత్ మిషన్ షాపులో అడిగితే, లోపలి సగం స్క్రాప్‌లో తెచ్చిన ఇంకో ఎస్టీమ్ షాఫ్టుది, బయటి సగం 800ది, మధ్యలో గొట్టం స్లీవ్ వేసి ఆర్క్ వెల్డింగ్ చేసి ఇచ్చారు. ఇచ్చేటప్పుడు "లారీ షాఫ్టులే అతికించాం, ఇదెంత" అన్నారు.

నర్సంపేట దగ్గర మా బావ వాళ్ల రైస్ మిల్లులో వడ్లు ఆరబోసే సిమెంటు కళ్లం ఉంది, సీజన్ కాని రోజుల్లో ఖాళీయే. అక్కడ నడిపాను. మొదటి రోజు బాగుంది. రెండో రోజు 60 దాటితే సీటు కింద వణుకు. మూడో రోజు ఆగి ఉన్న చోటు నుంచి కొంచెం గట్టిగా క్లచ్ వదిలాను, టైర్లు ఎగిరెగిరి పట్టాయి, టక్‌మని శబ్దం, బండి ఆగిపోయింది. దిగి చూస్తే ఎడమ షాఫ్ట్ తెగి ఉంది. తెగిన ముక్క తిరుగుతూ ఛాసిస్ ట్యూబును కొట్టిన గీత, పెట్రోల్ పైపుకు రెండు వేళ్ల దూరంలో ఉంది. ఆ గీత చూశాక రెండు రోజులు షెడ్డులోకే పోలేదు. పక్క సీట్లో మా అక్క కొడుకు కూర్చున్నాడు ఆ రోజు.

ఇప్పుడు నా ముందు ఉన్న దారి ఒక్కటే అనుకుంటున్నాను: ఈఎన్24 (గట్టి మిశ్రమ ఉక్కు) రాడ్డు కొని రెండు చివర్లా రెండు రకాల స్ప్లైన్లు కోయించి కొత్త షాఫ్టులు చేయించడం. బాలానగర్‌లో చేస్తారని విన్నాను. చేయించినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఎంత లావు పెట్టాలి? హీట్ ట్రీట్‌మెంట్ ఏం అడగాలి? రెండో సంగతి, ఎగ్జాస్ట్ హెడర్ ఫ్లాంజి (పొగ గొట్టాలను ఇంజిన్‌కు బిగించే ప్లేటు) వెల్డింగ్ చేయగానే అరటికాయలా వంగిపోతోంది, రెండుసార్లు పాడుచేశాను. దానికీ ఏదైనా ఉపాయం చెప్పండి.

కాజీపేట_ఫిట్టర్:

తమ్మీ, నేను కాజీపేట డీజిల్ లోకో షెడ్డులో ఫిట్టర్‌గా చేసి రిటైర్ అయిన. ముందు ఆ రెండో షాఫ్ట్, తెగనిది ఉంది చూడు, దాన్ని ఈ రోజే విప్పి పక్కన పెట్టు. బండి స్టార్ట్ చేసి గేరు వేసి చూద్దామని కూడా అనుకోవద్దు.

తెగిన చోటు ఫొటో నువ్వు పెట్టలేదు, కానీ నేను చెప్తా, నువ్వు సరిచూసుకో. వెల్డింగ్ పూస మీద తెగి ఉండదు. పూస పక్కన అర సెంటీమీటరు లోపు తెగి ఉంటది. తెగిన ముఖాన్ని పెట్రోల్‌తో కడిగి ఎండలో పట్టుకుని చూడు. ఒక అంచు దగ్గర నున్నగా, కొంచెం నల్లగా, సముద్రపు ఒడ్డున అలలు వచ్చిపోయిన గీతల్లాగ కనిపిస్తది. మిగతాది చక్కెర పలుకుల్లాగ మెరుస్తది. ఆ నున్నటి భాగం మొదటి రోజే మొదలైన పగులు, నువ్వు నడిపిన కొద్దీ పాకింది. మెరిసే భాగం మూడో రోజు నువ్వు క్లచ్ వదిలినప్పుడు ఒక్కసారిగా తెగింది. రెండో రోజు వణుకు వచ్చిందన్నావు కదా, స్లీవ్ లోపల రెండు ముక్కలు ఒకే గీతలో లేకపోవడం ఒక కారణం, ఈ పగులు రెండో కారణం అయి ఉండొచ్చు. షెడ్డులో మాకు మొదటి పాఠం అదే: కొత్తగా వచ్చిన వణుకును పక్కన పెట్టి బండి తోలొద్దు.

ఎందుకు తెగింది అంటే, కంపెనీ డ్రైవ్ షాఫ్ట్ మామూలు ఇనుము కాదు. కార్బన్ ఎక్కువున్న ఉక్కు, పైపొరను ఇండక్షన్ హార్డెనింగ్ చేస్తారు, లోపల మెత్తగా వదుల్తారు. హాక్సా బ్లేడు పెట్టి గీకి చూడు, పై మీద జారిపోతది. అట్లాంటి దాని మీద ఆర్క్ కొడితే పూసకు ఆనుకున్న ఉక్కు ఒక్కసారి ఎర్రగా కాలి, పక్కనున్న చల్లటి లోహం ఆ వేడిని లాగేసుకునేసరికి గాజులాగ పెళుసు అయితది. ఇంకొంచెం దూరంలో కంపెనీవాడు చేసిన హార్డెనింగ్ మాడిపోయి మెత్తబడతది. పెళుసు పక్కన మెత్తన, దాని మీద మెలితిప్పే బలం. ఎంత మంచి వెల్డర్ చేసినా ముందుగా 250, 300 డిగ్రీలు వేడి చేయకుండా, తర్వాత బూడిదలో పెట్టి మెల్లగా చల్లార్చకుండా ఈఎన్ రకాల ఉక్కు అతకదు. అతికినా తిరిగే షాఫ్టుకు నేనైతే ఒప్పుకోను. లారీ షాఫ్ట్ అతికించిన అన్నవాళ్లు ఆ లారీ ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చెప్పలేదు కదా.

ఇంకొక మాట. ఆ షాఫ్ట్ దెబ్బ తగిలిన ఛాసిస్ ట్యూబు, మౌంటు బ్రాకెట్లు అన్నిటికీ డై పెనెట్రెంట్ టెస్ట్ చెయ్. మూడు డబ్బాల సెట్ వస్తది, రాణిగంజ్‌లో దొరుకుతది. క్లీనర్‌తో తుడువు, ఎర్ర రంగు కొట్టు, పది పదిహేను నిమిషాలు ఆగు, గుడ్డతో తుడిచేసి తెల్ల పొడి డెవలపర్ కొట్టు. పగులు ఉంటే తెల్లటి దాని మీద సన్నటి ఎర్ర గీత నెమ్మదిగా ఊరి వస్తది, కాగితం మీద సిరా పాకినట్టు. కళ్లకు ఏమీ కనపడని చోట కూడా వస్తది. షెడ్డులో ఎన్నోసార్లు చూసిన, కొత్తగా కనిపించే బ్రాకెట్ మీద ఆ ఎర్ర గీత వస్తే కడుపులో చల్లబడేది.

పిల్లాడు పక్కన ఉన్నాడని రాసినవు. షాఫ్ట్ తిరిగే చోట రెండు పక్కలా 3 మి.మీ. మందం, 50 మి.మీ. వెడల్పు ఇనుప పట్టీతో లూపు కట్టు. తెగినా అందులోనే కొట్టుకుంటది. పెట్రోల్ పైపును ఆ పక్క నుంచి పూర్తిగా తీసి అవతలి పక్కకు మార్చు. ఆ రెండూ అయ్యేదాకా ఎవ్వరినీ ఎక్కించుకోకు.

ఫార్ములా_స్టూడెంట్_2016:

అన్నా, నేను ఎన్ఐటీ వరంగల్‌లో చదివినప్పుడు స్టూడెంట్ ఫార్ములా టీమ్‌లో డ్రైవ్‌ట్రైన్ చూసేవాణ్ని, ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక మెషిన్ షాపులో పని. కాజీపేట కాకా చెప్పింది అక్షరాలా నిజం. మా టీమ్‌లో కూడా ఒక ఏడాది టైమ్ చాలక అతికించిన షాఫ్టుతో వెళ్లి, పోటీకి ముందు రోజు రాత్రి ప్రాక్టీసులో పోగొట్టుకున్నాం.

ముందు లెక్క చూద్దాం, తర్వాత షాఫ్ట్ చేయించాలా వద్దా చెప్తాను. మీ ఇంజిన్ టార్క్ దాదాపు 110 న్యూటన్ మీటర్లు అనుకోండి. మొదటి గేరు, ఫైనల్ డ్రైవ్ కలిపి గుణిస్తే దాదాపు 14 వస్తుంది (మీ గేర్‌బాక్స్‌లో పళ్లు లెక్కపెట్టి సరిచూసుకోండి). అంటే డిఫరెన్షియల్ దగ్గర 1540, రెండు షాఫ్టులు పంచుకుంటే ఒక్కోదానికి 770. షాఫ్ట్ సన్నటి చోట 22 మి.మీ. ఉంటే ఆ టార్క్‌కు పైపొర మీద పడే ఒత్తిడి సుమారు 370 మెగాపాస్కల్. అదే 25 మి.మీ. అయితే 250. మూడు మిల్లీమీటర్లకే ఇంత తేడా ఎందుకంటే బలం లావు ఘనంతో పెరుగుతుంది. మామూలు ఎంఎస్ (మెత్తటి ఉక్కు) రాడ్డు ఈ మెలికలో 145 దగ్గరే లొంగిపోతుంది, కాబట్టి దాని ఊసే వద్దు. ఈఎన్24 టీ కండిషన్‌లో (ముందే హీట్ ట్రీట్‌మెంట్ చేసినది) కొంటే దాదాపు 375 దాకా తట్టుకుంటుంది. అంటే 22 మి.మీ.లో సరిగ్గా అంచు మీద ఉంటారు. క్లచ్ ఒక్కసారి వదిలితే పడే దెబ్బ ఈ లెక్కలో లేనే లేదు.

అయితే ఇంకో వైపు నుంచి కూడా చూడాలి. టైరు జారిపోతే షాఫ్ట్ మీద అంతకు మించి బలం నిలబడదు. మీ బండి మనిషితో కలిపి 650 కిలోలు అనుకుందాం, బయలుదేరేటప్పుడు అందులో 65 శాతం వెనక చక్రాల మీద పడుతుంది, టైరు వ్యాసార్థం 27 సెం.మీ. టైరు పట్టు దాని మీద పడిన బరువుకు సమానం అనుకున్నా ఒక్కో షాఫ్టుకు 560 న్యూటన్ మీటర్లే, అక్కడ టైరు జారుతుంది. దుమ్ము ఉన్న కళ్లం మీద అయితే ఇంకా తక్కువ. మరి తెగిందేమిటి? మీరు రాసిన ఒక్క మాటలోనే ఉంది: "టైర్లు ఎగిరెగిరి పట్టాయి". టైరు గాల్లోకి లేచి తిరిగి నేలను పట్టిన ప్రతిసారీ షాఫ్టుకు సుత్తి దెబ్బ. మామూలు లెక్కకు రెండింతలు కూడా పడొచ్చు. ఇది వెనక ఆర్మ్‌లో కానీ ఇంజిన్ మౌంటులో కానీ ఎక్కడో మెత్తగా ఊగుతోందని చెప్తోంది. అది సరిచేయకుండా ఎంత లావు షాఫ్ట్ వేసినా దెబ్బ గేర్‌బాక్స్ మీదికి పోతుంది.

ఇప్పుడు అసలు మాట. షాఫ్ట్ చేయించకండి. మీ చేతిలో రెండు చివర్లూ సరిగ్గా కుదిరే కంపెనీ షాఫ్ట్ ఉంది, ఎస్టీమ్‌ది, దానికి తోడు ఎస్టీమ్ నకిల్స్ కూడా ఉన్నాయి. 85 గుర్రాల బలాన్ని మీ బండి కంటే బరువైన కారులో ఏళ్ల తరబడి మోసిన షాఫ్ట్ అది. తక్కువైంది ఒక్కో పక్క 70 మి.మీ. వెడల్పు. ఆ 70 మి.మీ. ఆర్మ్‌లో పెంచండి. కింది ఆర్మ్ అనేది తిరగని వస్తువు, దాని మీద ఎక్కువగా లాగుడూ తోపుడూ ఉంటాయి, మంచి సీమ్‌లెస్ ట్యూబుతో మీ షెడ్డులో మీరే చేయగలరు. ఏళ్ల తరబడి ట్యూబు కోసి అతికించిన చేతికి అది కొత్త పని కాదు. షాఫ్టుకు సరిపడేలా బండిని మార్చాలి కానీ, బండికి సరిపడేలా షాఫ్టును మార్చొద్దు. ఫియట్ వాళ్లు 1972లో ఎక్స్1/9 అనే చిన్న స్పోర్ట్స్ కారు తెచ్చినప్పుడు చేసింది ఇలాంటిదే, 128 కారులో ముందున్న ఇంజిన్, గేర్‌బాక్స్ సరంజామాను సీట్ల వెనక్కి తెచ్చి, దాని చుట్టూ బండి కట్టారు.

కానీ ఆర్మ్ ఒక్కటే పెంచితే సరిపోదు. మీది స్ట్రట్ సస్పెన్షన్, కాబట్టి కింద ఎంత బయటికి జరిపితే పైన స్ట్రట్ మౌంటు కూడా అంతే జరపాలి, లేకపోతే చక్రం తల లోపలికి వాలిపోతుంది. రెండోది, చాలామంది మరిచిపోయేది: అవి ముందు చక్రాల నకిల్స్, స్టీరింగ్ ఆర్మ్ ఉంటుంది. ఆ స్టీరింగ్ ఆర్మ్‌ను ఛాసిస్‌కు టో లింకుతో (చక్రం దిక్కు మారకుండా పట్టే రాడ్డు) కట్టేయాలి. ఆ లింకు పొడవు, కోణం కింది ఆర్మ్‌తో సమానంగా లేకపోతే గుంతలో పడ్డప్పుడల్లా వెనక చక్రాలు వాటంతట అవే తిరుగుతాయి. 800 సెటప్‌కు మీరు చేసిన టో లింకు పాత పొడవుకు చేసింది, దాన్నీ మార్చాలి.

మూడోది, ప్లంజ్ కొలత, అంటే షాఫ్ట్ లోపలికీ బయటికీ ఎంత జరుగుతుందో చూడటం. ఇది ఎలాగంటే, స్ప్రింగులు తీసేసి నకిల్‌ను జాకీ మీద పెట్టండి. చక్రం పూర్తిగా కిందికి వేలాడే చోటు నుంచి పూర్తిగా పైకి లేచే చోటు వరకు సెంటీమీటరు సెంటీమీటరుగా లేపుతూ, లోపలి జాయింటు ఎంత లోపలికి పోతోందో, ఎంత బయటికి వస్తోందో షాఫ్ట్ మీద మార్కర్ గీత పెట్టి చూడండి. ఏ చోట చూసినా లోపలి వైపు ఇంకా 8, 10 మి.మీ. ఖాళీ ఉండాలి, బయటి వైపు జాయింటు జారి ఊడిపోకుండా అంతే ఉండాలి. బండి మామూలుగా నిలబడ్డప్పుడు షాఫ్ట్ కోణం ఐదు డిగ్రీల లోపు ఉంటే జాయింట్లు చాలా కాలం వస్తాయి. ఈ కొలత అయ్యాకే ఇంజిన్ మౌంట్లకు చివరి వెల్డింగ్. మీరు మౌంట్లు ముందు చేసి షాఫ్ట్ తర్వాత చూసుకున్నారు, అందుకే ఇంత దూరం వచ్చింది.

ఇంకా బలం కావాలని టర్బో మాటలు ఎవరైనా చెప్తే వినకండి. బ్రిటన్‌లో చిన్న స్పోర్ట్స్ కార్లు చేసే కేటర్‌హామ్ వాళ్ల సెవెన్ 160లో ఉన్నది సుజుకీ 660 సీసీ మూడు సిలిండర్ల టర్బో ఇంజినే, 80 గుర్రాలు, బండి 490 కిలోలు. మీరు ఇప్పటికే దాని పక్కన నిలబడ్డారు.

హన్మకొండ_షెడ్డు:

కాకా, తెగిన ముఖం కడిగి చూశాను. మీరు చెప్పినట్టే ఉంది. ఒక అంచు గోరంత నున్నగా నల్లగా, మిగతా అంతా పలుకులు. పూసకు ఇవతల నాలుగు మి.మీ. రెండో షాఫ్ట్ కూడా విప్పేశాను, దాని పూస పక్కన కూడా వెంట్రుక లాంటి గీత ఉంది. కళ్లతోనే కనిపిస్తోంది. ఒళ్లు జలదరించింది.

తమ్ముడూ, ఆర్మ్ మార్చాలన్న మాట నాకు తట్టనే లేదు. నాలుగు నెలలుగా షాఫ్ట్, షాఫ్ట్ అనే తిరుగుతున్నాను. టో లింకు నేను కింది ఆర్మ్ కంటే చాలా పొట్టిగా పెట్టాను, బహుశా అందుకే గతుకుల్లో బండి తోక ఊపేది. ఒక్క డౌట్: ఆర్మ్‌లు, మౌంట్లు మళ్లీ వెల్డింగ్ చేస్తే పాతవాటిలా లాగేస్తాయేమోనని టెన్షన్. మొదటిసారి మౌంటు వెల్డింగ్ అయ్యాక బోల్టు రంధ్రం 3 మి.మీ. పక్కకు పోయింది, రాడ్డుతో లాగి బిగించాను. ఇప్పుడు అది కూడా పగిలింది.

గోదావరిఖని_వెల్డర్:

రాడ్డుతో లాగి బిగించిన మౌంటు పగలక ఏం చేస్తుంది తమ్ముడూ, అది పుట్టినప్పటి నుంచి బిగుసుకునే ఉంది. సింగరేణి వర్క్‌షాపులో 22 ఏళ్లు వెల్డింగ్ చేశాను, హాలేజీ ఫ్రేముల దగ్గర నుంచి బకెట్ పళ్ల దాకా. వెల్డింగ్ అన్నాక లాగుతుంది, దాన్ని ఎవడూ ఆపలేడు. ఎటు లాగాలో మనం చెప్పాలి, అంతే.

ఇలా చెయ్. ఇంజిన్, గేర్‌బాక్స్ ఛాసిస్‌లో పెట్టి, కింద కట్టె దిమ్మెలు, సన్న పలకలు పెట్టి షాఫ్ట్ కొలతకు సరిగ్గా కూర్చోబెట్టు. ఇందాక తమ్ముడు చెప్పిన ప్లంజ్ అంతా అప్పుడే చూసుకో. మౌంట్లను ముందు దళసరి అట్టతో కత్తిరించు, తర్వాత ప్లైవుడ్‌తో, అది కుదిరాకే ఇనుము కొయ్. రబ్బరు బుష్షులు అందులో వద్దు, వాటి బదులు అదే సైజు ఇనుప గొట్టం ముక్కలు లేత్‌లో తిప్పించి పెట్టు, రబ్బరు నొక్కుకుపోయి నిన్ను మోసం చేస్తుంది. బోల్టులు చేత్తో బిగించి ఒక్కో మూలకు చిన్న ట్యాక్ (తాత్కాలికంగా పట్టే వెల్డింగ్ చుక్క) కొట్టు. నాలుగు మౌంట్లకూ ట్యాకులు పడ్డాక బోల్టులు విప్పి మళ్లీ వేసి చూడు. వేలితో తోస్తే బోల్టు లోపలికి పోవాలి. సుత్తి కావాల్సి వచ్చిందంటే ట్యాక్ కోసి మళ్లీ కొట్టు.

అప్పుడు ఇంజిన్ బయటికి తీసెయ్. చాలామంది ఇంజిన్ అందులో ఉండగానే మొత్తం వెల్డింగ్ లాగించేస్తారు, సీళ్లు మాడతాయి, వైర్లు మాడతాయి, అదృష్టం బాగోకపోతే ఈసీఎం కూడా. ఇంజిన్ బదులు ఒక డమ్మీ ఫ్రేము, రెండు యాంగిల్ ముక్కలు మౌంటు బోల్టులకు కలిపి బిగించు. అది ఉండగా పూర్తి వెల్డింగ్. ఒక చోట ఒక అంగుళం, తర్వాత ఎదురు మూలలో ఒక అంగుళం, చేత్తో ముట్టుకోగలిగేంత చల్లారాక మూడో చోట. తొందరపడితే మొదటిసారి జరిగిందే మళ్లీ జరుగుతుంది. వెల్డింగ్ రాడ్డు 7018 రకం అయితే పొయ్యిలో ఎండబెట్టి వాడు, వానాకాలం షెడ్డులో చెమ్మ పట్టిన 7018 కంటే పొడి 6013 మేలు. ఆర్మ్‌లకు మాత్రం టిగ్ (గ్యాస్ రక్షణలో చేసే సన్నటి వెల్డింగ్) చేయించు, చుట్టూ సమానంగా. ఆర్మ్ ట్యూబును నేరుగా ప్లేటుకు అంటించకు, చివర చేప నోరులా కోసి గొట్టం మీద కూర్చోబెట్టి చుట్టూ కొట్టు. ఎడమది, కుడిది ఒకే జిగ్ (కొలతకు పట్టి ఉంచే చట్రం) మీద, ఒకదాని మీద ఒకటి తిరగేసి చెయ్, తేడా రాదు.

ఎగిరెగిరి పట్టడం గురించి: ఇంజిన్‌కు పైన ఒక టార్క్ రాడ్ పెట్టావా? అడ్డంగా ఉన్న ఇంజిన్ గేరు పడగానే వెనక్కి ముందుకి తూగుతుంది. కింద ఎన్ని మౌంట్లు ఉన్నా పైన, తలకు దగ్గరగా ఒక అడ్డ రాడ్డు, రెండు చివర్లా బుష్షు ఉండాలి. నువ్వు రాసినదాంట్లో నాకు అది కనపడలేదు.

హెడర్ ఫ్లాంజి సంగతి. 6 మి.మీ. ప్లేటు తీసుకుని ఉంటావు. 10 మి.మీ. తీసుకో. స్క్రాప్‌లో పనికిరాని సిలిండర్ హెడ్ ఒకటి అదే ఇంజిన్‌ది దొరికితే అన్నిటికంటే మంచిది, దానికి ఫ్లాంజిని అన్ని బోల్టులతో బిగించి దాని మీదనే వెల్డింగ్ చెయ్. చల్లారే వరకు బోల్టులు విప్పకు, రాత్రంతా అలాగే వదిలెయ్. అయినా కొంచెం వంగుతుంది, సర్ఫేస్ గ్రైండింగ్‌కు ఇచ్చి అర మి.మీ. తీయించు. రంధ్రాల కోసం పాత గ్యాస్కెట్ ఉంటే దాన్నే ప్లేటు మీద పెట్టి గీయి. లేకపోతే గ్యాస్కెట్ కాగితం హెడ్ మీద పరిచి అంచుల వెంట గుండు సుత్తితో మెల్లగా తట్టు, పోర్టుల ఆకారం అచ్చు పడి కాగితం అంచు దగ్గర తెగుతుంది, మన పాత మెకానిక్‌లు గ్యాస్కెట్ చేసుకునేది అలాగే. ఆ కాగితాన్ని లేజర్ కటింగ్ వాళ్లకు ఇస్తే స్కాన్ చేసి కోసిస్తారు.

కరీంనగర్_రోడ్లు:

పని గురించి పెద్దవాళ్లు చెప్పారు, నేను ఒక్క విషయం చెప్పి పోతాను. ఈ బండిని కళ్లం గేటు దాటించకండి అన్నా. రిజిస్ట్రేషన్ బండిలో ఇంజిన్ మార్చాలంటేనే మోటారు వాహనాల చట్టం 1988 సెక్షన్ 52 కింద ఆర్టీఏ అనుమతి కావాలి. మీది ఇంట్లో కట్టినది, టైప్ అప్రూవల్ (ఆ మోడల్‌కు ప్రభుత్వ ఆమోదం) లేకుండా దానికి నంబరే రాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా తయారీదారు ఇచ్చిన ఆకృతిని మార్చడం కుదరదని స్పష్టంగా చెప్పింది. నర్సంపేట రోడ్డు మీద ఎవరికైనా తగిలితే ఇన్సూరెన్స్ ఉండదు, ఎదుటి మనిషికి దాని నుంచి ఒక్క రూపాయి రాదు, నాకు అన్నిటికంటే భయం అదే. ట్రాలీ మీద వేసుకుని వెళ్లండి. బండి సిద్ధమయ్యాక కోయంబత్తూరు కారి ట్రాక్‌లోనో చెన్నై దగ్గర ట్రాక్‌లోనో ట్రాక్ డే చూసుకుని, వాళ్ల నిబంధనలు ముందే కనుక్కుని తీసుకెళ్తే మీ నాలుగేళ్ల కష్టానికి తగిన చోటు అది. హెల్మెట్, నాలుగు పట్టీల బెల్టు, మంటలార్పే సిలిండర్ ఇప్పుడే పెట్టుకోండి, కళ్లంలో నడిపేటప్పుడు కూడా.

హన్మకొండ_షెడ్డు:

మూడు వారాల తర్వాత రాస్తున్నాను. కళ్లంలో వడ్లు పడ్డాయి, నడిపే పని ఎలాగూ లేదు కాబట్టి మొత్తం విప్పేశాను.

పాత షాఫ్టులు రెండూ షెడ్డు గోడకు వేలాడదీశాను. ఎస్టీమ్ నకిల్స్ పెట్టి, కింది ఆర్మ్‌లు ప్లైవుడ్‌తో చేసి చూసి, తర్వాత సీమ్‌లెస్ ట్యూబు తెచ్చి కోశాను. టిగ్ నాకు రాదు, ములుగు రోడ్డు ఐటీఐలో చదివిన కుర్రాడు ఒకతను వచ్చి రెండు సాయంత్రాలు కూర్చుని చేశాడు. జిగ్ ఒకటే, ఎడమ కుడి తిరగేసి. రెండూ ఒకదాని మీద ఒకటి పెడితే బోల్టు మూడు రంధ్రాల్లోంచీ జారిపోయింది, గోదావరిఖని అన్నా, అప్పుడు మీరు గుర్తొచ్చారు. స్ట్రట్ టవర్లు 70 మి.మీ. బయటికి జరిపాను, టో లింకు ఆర్మ్ పొడవుకు సమానంగా కొత్తది చేశాను. టార్క్ రాడ్ నిజంగానే లేదు, ఇప్పుడు పెట్టాను.

డై పెనెట్రెంట్ కొట్టాను. ఛాసిస్ ట్యూబు మీద గీత పడ్డ చోట ఏమీ రాలేదు. కానీ నేను అసలు అనుమానించని చోట, గేర్‌బాక్స్ పక్క మౌంటు లోపలి మూలలో, వేలు పెడితే తప్ప అందని చోట ఎర్ర గీత వచ్చింది, రెండు సెంటీమీటర్లు. కాకా, మీరు చెప్పినట్టే కాగితం మీద సిరా పాకినట్టు వచ్చింది. ఆ మౌంటు మొత్తం కోసి పారేసి మళ్లీ చేసి ట్యాకులు కొట్టాను, ఈసారి పూర్తి వెల్డింగ్ ఇంజిన్ బయట పెట్టి, డమ్మీ ఫ్రేముతోనే.

ప్లంజ్ కొలిచాను. కుడి వైపు చక్రం పైకి లేచినప్పుడు లోపల 14 మి.మీ. ఖాళీ, కిందికి వేలాడినప్పుడు ఊడటానికి ఇంకా 11 ఉంది. ఎడమ వైపు లోపల 6 మి.మీ.నే మిగిలింది. ఇంజిన్ మొత్తాన్ని కుడికి 4 మి.మీ. జరిపితే రెండు పక్కలా పది పది వస్తుంది, మౌంట్లకు ఇంకా ట్యాకులే ఉన్నాయి కాబట్టి అది రేపు రాత్రి పని. షాఫ్ట్ చుట్టూ పట్టీ లూపులు, కుడి పక్కకు మార్చిన పెట్రోల్ పైపు ఫొటోలు కింద పెడుతున్నాను. లూపుకు, షాఫ్టుకు మధ్య 20 మి.మీ. వదిలాను, చక్రం పూర్తిగా కిందికి వేలాడినప్పుడు 12 అవుతోంది. ఇది చాలా కాకా, ఇంకా వదలాలా?

కాజీపేట_ఫిట్టర్:

చాలు తమ్మీ. కానీ పట్టీ అంచులు ఫైలుతో గుండ్రంగా రుద్దు, జాయింటు రబ్బరు బూటుకు తగిలితే చీరేస్తది. 4 మి.మీ. జరిపినాక రెండు పక్కలా మళ్లీ కొలువు, ఇంజిన్ జరిగేటప్పుడు ఒక మూల వాలుతది.